చలిపెట్టెకు గాలి కావాలి

పిల్లలూ! ఎండకాలంలో బయటినుండి ఇంటికి రాగానే మీలో కొందరు ఫ్రిజ్జు తలుపు తెరిచి దాని ముందు నిలబడతారు. "అబ్బ, ఎంత చల్లగా ఉన్నదో!" అనుకుంటారు. అమ్మ "తలుపు వేయి" అని కేక వేసేదాకా కదలరు. ఫ్రిజ్జు ముందు నిలబడినవాళ్ళు చాలామంది ఉన్నారు. మరి దాని వెనుక ఏమి జరుగుతున్నదో ఆలోచించినవాళ్ళు ఎందరున్నారు?

పోయిన వేసవిదాకా నేనూ అంతగా ఆలోచించలేదు. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాణ్ణే అయినా, ఫ్రిజ్జు పాఠం నాకు ఒక బండిలో, అడవి అంచున, నా మనుమరాలి పక్కన కూర్చున్నప్పుడు సరిగ్గా అర్థమైనది. ఆ సంగతి చెబుతాను, వినండి.

మా అల్లుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. అతనికి ఊళ్ళు తిరగడమంటే ఇష్టం. ఒక పాత చిన్న బస్సు కొని, సీట్లు తీసివేసి, దానిని ఇల్లులాగా మార్చాడు. పడుకోవడానికి బల్లలు, వంటకు పొయ్యి, నీళ్ళకు తొట్టి, ఒక మూల చిన్న ఫ్రిజ్జు! ఇట్లాంటి ఇంటిబండిని కారవాన్ అంటారు. ఫ్రిజ్జు 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. బండి నడిచేటప్పుడు ఆ బ్యాటరీ నిండుతుంది. వడ్రంగి ఆ ఫ్రిజ్జు చుట్టూ చెక్కతో ఒక బీరువా కట్టాడు. సందు లేకుండా, ముచ్చటగా అమరింది. కింద ఒక పక్క మాత్రం రెండు వేళ్ళు పట్టేంత చీలిక ఉన్నది.

మే నెలలో అందరం శ్రీశైలం పోదామనుకున్నాము. నల్లగొండలో బయలుదేరి, దేవరకొండ మీదుగా డిండి, అక్కడినుండి మన్ననూరు, ఆపైన నల్లమల అడవి. మన్ననూరు 2016లో జిల్లాలు విడదీసినప్పటినుండి నాగర్‌కర్నూలు జిల్లాలో ఉన్నది. మా తరంవాళ్ళకు మాత్రం అదంతా పాలమూరే, అంటే మహబూబ్‌నగరం జిల్లాయే. మే నెలలో మా నల్లగొండలోగాని, పాలమూరులోగాని ఎండ 42, 43 డిగ్రీలకు చేరడం కొత్త కాదు.

మా ఇంటావిడకు చక్కెర వ్యాధి ఉన్నది. రోజూ ఇన్సులిన్ తీసుకోవాలి. ఈ ఇన్సులిన్ చాలా సుకుమారమైన మందు. మూత తీయని సీసాలను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుతున్న సీసాను కొన్ని వారాలపాటు బయట పెట్టుకోవచ్చుగాని, మా ఎండకు కాదు. ఎక్కువ వేడి తగిలితే దాని బలం పోతుంది. బలం పోయిన మందు చూడడానికి మంచి మందులాగానే ఉండవచ్చు. అదే దానిలోని ప్రమాదం. ఫ్రిజ్జు ఉన్నది గదా అనే ధైర్యంతోనే ఆమె ఈ ప్రయాణానికి ఒప్పుకున్నది.

నా మనుమరాలు ఏడో తరగతి చదువుతున్నది. నేను ఆమెకు ఒక నోటుబుక్కు, ఒక థర్మామీటరు ఇచ్చాను. "ఈ ప్రయాణంలో నువ్వే గుమాస్తావు. ఫ్రిజ్జులో గ్లాసెడు నీళ్ళు పెట్టి, అందులో థర్మామీటరు ఉంచు. గంటగంటకు చూసి రాయి" అన్నాను. ఒట్టి గాలిలో పెడితే తలుపు తెరిచినప్పుడల్లా లెక్క మారిపోతుంది. నీళ్ళు అంత తొందరగా మారవు. అందుకని గ్లాసు.

తెల్లవారుజామున నల్లగొండ దాటాము. దేవరకొండ చేరేసరికి థర్మామీటరు 6 డిగ్రీలు చూపింది. డిండి జలాశయం దగ్గర ఒక వేపచెట్టు నీడలో బండి ఆపి, వంట చేసుకుని, తిని, నడుం వాల్చాము. మధ్యాహ్నం రెండింటికి మనుమరాలు నన్ను లేపింది. "తాతయ్యా, 9 అయింది!" మూడింటికి 12 అయింది. మా అల్లుడు ఫ్రిజ్జు మీటను చివరి అంకెదాకా తిప్పాడు. లోపలి మోటారు ఆగకుండా మోగుతూనే ఉన్నది. నాలుగింటికి 13.

మా ఇంటావిడ ఎవరినీ ఏమీ అనలేదు. మందు సీసాలను ఒక గాజు సీసాలో పెట్టి, మూత బిగించి, తాగే నీళ్ళ కూజాపక్కన ఇంకొక చిన్న మట్టికుండలో ఉంచి, కుండకు తడిగుడ్డ చుట్టింది. ఆ కుండను కిటికీ దగ్గర, నీడలో, గాలి తగిలేటట్టు పెట్టింది. "మా అమ్మ మజ్జిగ ఇట్లనే దాచేది" అన్నది.

సాయంత్రం బండి కదిలింది. మన్ననూరు చేరేసరికి ఫ్రిజ్జులో 9 డిగ్రీలు! అడవి దారిలో రాత్రివేళ బండ్లను పోనివ్వరు కాబట్టి అక్కడే ఆగాము. మనుమరాలు తన నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది.

"తాతయ్యా, బండి నడిస్తే ఫ్రిజ్జు చల్లబడుతున్నది. ఆగితే వేడెక్కుతున్నది. ఎందుకు?"

మంచి ప్రశ్న! మంచి ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. ముందు అందరి ఊహలూ రాసుకోవాలి. మా అల్లుడు "బ్యాటరీ బలం తగ్గి ఉంటుంది. బండి నడిస్తే నిండుతుంది గదా" అన్నాడు. మనుమడు "సాయంత్రం ఎండ తగ్గింది, అందుకే" అన్నాడు. మనుమరాలు కొంచెంసేపు ఆలోచించి "బండి నడిస్తే ఆ చీలికలోంచి గాలి పోతుందేమో" అన్నది. మూడూ జరగగలిగినవే. ఏది నిజమో తేల్చాలంటే ఒక్కొక్కదాన్నే విడిగా పరీక్షించాలి. మూడింటినీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎన్నటికీ తెలియదు.

అచ్చంపేటలో నా పాత శిష్యుడు ఒకడు మోటార్లు బాగుచేస్తాడు. ఫోను చేస్తే మరునాడు పొద్దున్నే పనిముట్ల సంచితో వచ్చాడు. ఆనాడు మేము బండి కదిలించలేదు. మధ్యాహ్నందాకా చెట్టునీడలోనే ఉంచాము. ఎండ నేరుగా తగలకపోయినా ఫ్రిజ్జు 12కు వచ్చింది. అతడు మీటరు పెట్టి చూసి "సార్, బ్యాటరీ మంచిగున్నది. వోల్టులు తగ్గలేదు" అన్నాడు. తరువాత థర్మామీటరును ఆ చీలికలోంచి బీరువా వెనుకకు దోపాడు. బయట చెట్టుకింద గాలి 41 డిగ్రీలు. ఫ్రిజ్జు వెనుక గాలి 56 డిగ్రీలు!

"గాలి ఆడ్తలేదు సార్. పొయ్యి మీద మూత పెట్టినట్టున్నది" అన్నాడు నా శిష్యుడు.

చల్లని పెట్టె వెనుక అంత వేడి ఎక్కడినుండి వచ్చింది? ఇది తెలియాలంటే ఫ్రిజ్జు చేసే పని తెలియాలి.

చాలామంది ఫ్రిజ్జు చలిని తయారు చేస్తుందనుకుంటారు. అది నిజం కాదు. ఫ్రిజ్జు వేడిని తోడుతుంది. సూది వేసేముందు చేతికి స్పిరిటు రాస్తే చల్లగా అనిపిస్తుంది గదా? స్పిరిటు ఆవిరి అవుతూ మీ చర్మంనుండి వేడిని తీసుకుపోతుంది. ఫ్రిజ్జు లోపలి గొట్టాలలో కూడా సులభంగా ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. ఇళ్ళలోని కొత్త ఫ్రిజ్జులలో చాలావాటిలో వాడేది ఐసోబ్యూటేన్. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరిగితే, ఇది మామూలు ఒత్తిడిలో సున్నాకు సుమారు 12 డిగ్రీలు దిగువనే మరుగుతుంది. అది ఆవిరి అవుతూ మీ పాలలోని, పండ్లలోని వేడిని పీల్చుకుంటుంది.

తరువాత మోటారు ఆ ఆవిరిని గట్టిగా నొక్కుతుంది. ఈ భాగాన్నే కంప్రెసరు అంటారు. సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు దాని కొనను పట్టుకుని చూడండి, వేడిగా ఉంటుంది. ఆవిరి కూడా నొక్కితే వేడెక్కుతుంది. బయటి గాలికంటె ఎక్కువ వేడి అవుతుంది. అప్పుడే దానిలోని వేడి బయటికి పోగలుగుతుంది. ఎందుకంటే వేడి తనంతట తాను ఎప్పుడూ ఎక్కువ వేడి ఉన్నచోటునుండి తక్కువ ఉన్నచోటికే పారుతుంది, నీరు పల్లానికి పారినట్టు. వేడి పోగొట్టుకున్న ఆవిరి మళ్ళీ ద్రవమై లోపలికి వస్తుంది. ఇట్లా రాత్రింబగళ్ళు తిరుగుతూనే ఉంటుంది. జేకబ్ పెర్కిన్స్ అనే ఆయన ఈ పద్ధతితో పనిచేసే యంత్రానికి 1834లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు.

నేను పిల్లలకు దీనిని మోటతో పోల్చి చెప్పాను. మా చిన్నప్పుడు బావులమీద మోటలుండేవి. ఎద్దులు లాగితే పెద్ద తోలుసంచి నీళ్ళతో పైకి వచ్చేది. ఆ నీళ్ళు కాలువలో పడి పొలానికి పారేవి. ఒకవేళ కాలువ పూడిపోయిందనుకోండి. తోడిన నీళ్ళు గట్టున నిలిచి, మళ్ళీ బావిలోకే జారతాయి. ఎద్దులు పొద్దంతా నడిచినా బావి తరగదు. మా ఫ్రిజ్జుకు జరిగింది అదే. మోటారు వేడిని తోడి వెనుక పోస్తున్నది. ఆ వేడికి పోయే దారి లేదు. బండి నడిచినప్పుడు చీలికలోంచి కొంచెం గాలి దూరి ఆ వేడిని తీసుకుపోతున్నది. ఆగితే అదీ లేదు.

"అయితే ఫ్రిజ్జు లోపల ఒక పంఖా పెడదాం!" అన్నాడు మనుమడు.

లోపల చిన్న పంఖా పెడితే ఒక లాభం ఉన్నది. పై అరలోని గాలి, కింది అరలోని గాలి కలిసి, చలి అంతటా సమంగా ఉంటుంది. కాని దానివల్ల ఒక్క రవ్వ వేడి కూడా పెట్టె దాటి పోదు. పూడినది బయటి కాలువ. బావిలో నీళ్ళను కలియబెడితే ఏమి లాభం?

నా శిష్యుడు మొదట బీరువా వెనుక పలక ఒకటి విప్పి గంటసేపు ఊరుకున్నాడు. ఫ్రిజ్జు 12నుండి 10కి దిగింది. మనుమరాలి ఊహ నిజమని తేలింది. అప్పుడు బండి గోడకు కింద ఒక కిటికీ, పైన ఒక కిటికీ కోసి, వాటికి జాలీ బిగించాడు. వేడిగాలి తేలిక, పైకి పోతుంది. దాని చోటులోకి కిందినుండి చల్లగాలి వస్తుంది. పొగగొట్టం పనిచేసేది ఈ సూత్రంతోనే. ఆపైన పాత కంప్యూటర్లనుండి తీసిన రెండు చిన్న పంఖాలు తెచ్చాడు. అవి 12 వోల్టులవి. ఒక్కొక్కటి 2, 3 వాట్లకంటె ఎక్కువ తినదు.

మొదటి పంఖా బిగించి మీట వేశాడు. అరగంట చూశాము, ఫ్రిజ్జులో మార్పు లేదు! మనుమరాలు ఒక సన్నని కాగితపు ముక్కను పై జాలీ దగ్గర పట్టుకున్నది. అది లోపలికి అతుక్కుపోయింది. పంఖాను తలకిందులుగా బిగించాము! పైకి పోవాలని చూసే వేడిగాలిని అది కిందికి తోస్తున్నది. ఏరుకు ఎదురు ఈదినట్టయింది. శిష్యుడు నవ్వుకుంటూ దాన్ని తిప్పి బిగించాడు. ఈసారి కాగితం బయటికి ఎగిరింది. రెండో పంఖాను కింద, గొట్టాల చట్రానికి గాలి తగిలేటట్టు పెట్టాడు.

మధ్యాహ్నం మూడింటికి, డిండిలో 12 ఉన్న అదే వేళకు, థర్మామీటరు 6 చూపింది. ఫ్రిజ్జు వెనుక గాలి 44కు దిగింది. అంతకంటె మంచి సంగతి, పొద్దంతా ఆగకుండా మోగిన మోటారు మధ్యమధ్య ఆగి విశ్రాంతి తీసుకున్నది. పంఖాలు తిన్న కొద్దిపాటి కరెంటుకంటె మోటారు మిగిల్చినదే ఎక్కువ.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను మా ఇంటావిడతో "ఇక మందు లోపల పెట్టు" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఈ రాత్రికి ఉట్టి నీళ్ళు పెట్టి చూడండి. రేపు నా మందు పెడతాను" అన్నది. నాకు కొంచెం చిన్నతనమనిపించింది. అయినా ఊరుకున్నాను.

తెల్లవారి మనుమరాలు ఫ్రిజ్జు తెరిచి కేక వేసింది. గ్లాసులో నీటిమీద పలుచని మంచుపొర! ఏమైనదో మీరు ఊహించగలరా? డిండి దగ్గర మా అల్లుడు మీటను చివరి అంకెకు తిప్పాడు గదా. దానిని వెనక్కు తిప్పడం అందరం మరిచిపోయాము. వేడికి దారి దొరికినది. రాత్రి అడవి గాలి చల్లబడింది. ఫ్రిజ్జు చెప్పిన పని చెప్పినట్టు చేసుకుపోయింది. ఇన్సులిన్ వేడికి ఎట్లా చెడుతుందో గడ్డ కట్టినా అట్లాగే చెడుతుంది. ఒకసారి గడ్డకట్టిన దానిని కరిగించి వాడకూడదు. ఆ రాత్రి మందు అందులో పెట్టి ఉంటే సీసాలన్నీ పారవేయవలసి వచ్చేది.

మీటను మధ్య అంకెకు తెచ్చాము. మధ్యాహ్నందాకా చూశాము. 4, 5 డిగ్రీల దగ్గర నిలిచింది. అప్పుడు ఆమె కుండలోనుండి సీసాలు తీసి, చలిపలకకు దూరంగా, కింది అరలో పెట్టింది. మేము శ్రీశైలం పోయి సుఖంగా తిరిగి వచ్చాము. ఒక పని బాగుచేసిన తరువాత ఇంకొకసారి కొలిచి చూడాలనే మాట నేను ఎన్నో ఏళ్ళు బడిలో చెప్పాను. ఆనాడు అది పాటించినది మాత్రం ఆమెయే.

ఆ కుండ సంగతి కూడా చెప్పాలి. కుండ గోడలకు కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. నీరు వాటిలోంచి చెమర్చి ఆవిరి అవుతుంది. ఆవిరి అవుతూ కుండలోని వేడిని తీసుకుపోతుంది. మా పాలమూరు, నల్లగొండల వేసవిగాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇక్కడ కుండనీళ్ళు బాగా చల్లబడతాయి. సముద్రపు ఒడ్డున మచిలీపట్నంలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి అంత చల్లబడవు. అదే కుండను గాలి ఆడని బీరువాలో పెట్టారనుకోండి, ఇక్కడైనా చల్లబడదు. చూశారా, కుండకైనా ఫ్రిజ్జుకైనా గాలి కావాలి!

మోటారు లేని ఫ్రిజ్జులు కూడా ఉన్నాయి. 1922లో స్వీడను దేశంలో, స్టాక్‌హోంలో చదువుకుంటున్న బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు మంటతో నడిచే ఫ్రిజ్జును కనిపెట్టారు. మంటతో చలి! వింతగా ఉన్నది గదా? అందులో అమ్మోనియా, నీరు, హైడ్రోజన్ ఉంటాయి. తిరిగే భాగం ఒక్కటీ ఉండదు, చప్పుడూ ఉండదు. కరెంటు లేని పల్లెల్లో ఇట్లాంటివి కిరోసిన్ దీపంతో నడిచి టీకామందులను కాపాడాయి. ఐరోపా, అమెరికాల ఇంటిబండ్లలో ఇవి గ్యాసుతో నడుస్తూ వచ్చాయి. వీటి వెనుక గాలి తనంతట తానే పైకి సాగాలి. అందుకే ఎండలు ముదిరితే వాటి యజమానులు వెనుక చిన్న పంఖాలు బిగిస్తారు. అయితే మంట ఉన్న ఫ్రిజ్జును తెలిసిన మెకానిక్కు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. పంఖా గాలి మంటను కదిలిస్తే విషవాయువు పుట్టవచ్చు.

ఈ పాఠం బండ్లకే కాదు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో టీకాలు దాచే చలిపెట్టెను గోడకు కనీసం 10 సెంటీమీటర్లు ఎడంగా ఉంచాలని నియమం ఉన్నది. రోజుకు రెండుసార్లు దాని వేడిని చూసి పుస్తకంలో రాయాలి. మీరు చిన్నప్పుడు వేయించుకున్న టీకాలు అట్లాంటి పెట్టెలోనుండి వచ్చినవే. మీ ఇంట్లో ఫ్రిజ్జు గోడకు అతుక్కుని ఉన్నదా? పొయ్యి పక్కన ఉన్నదా? మీదనుండి గుడ్డ వేలాడుతున్నదా? వెనుక దుమ్ము పట్టి ఉన్నదా? చూసి మీ అమ్మానాన్నలకు చెప్పండి. జరపడం, దులపడం పెద్దవాళ్ళే, ప్లగ్గు తీసివేసి చేయాలి. మీరు వైర్ల జోలికి పోవద్దు.

మీరు చేయగల ప్రయోగం ఒకటి చెబుతాను. ఒకే కొలత గల రెండు చిన్న మట్టికుండలు తీసుకుని, రాత్రే నీళ్ళు పోసి నానబెట్టండి. పొద్దున్నే రెండింటిలోనూ ఒకే నీళ్ళు సమంగా నింపండి. ఒకటి నీడగల కిటికీలో, గాలి తగిలేచోట పెట్టండి. రెండోది మూసిన బీరువాలో పెట్టండి. గంటగంటకు థర్మామీటరుతో చూసి, నోటుబుక్కులో రెండు వరుసలుగా రాయండి. మధ్యాహ్నానికి ఆ రెండు వరుసలే మీకు పాఠం చెబుతాయి.

చివరకు ఒక ప్రశ్న. ఎండకాలంలో కిటికీలు, తలుపులు అన్నీ మూసి, గదిలో ఫ్రిజ్జు తలుపు మాత్రం బార్లా తెరిచి పెడితే గది చల్లబడుతుందా, వేడెక్కుతుందా? ఆలోచించండి. జవాబు నేను చెప్పనక్కరలేదు, పైన మోట కథలోనే ఉన్నది.